అతిథుల్ని పంపే ముందు ఇంటివాళ్ళని ఒక్కమాట అడగండి

విదేశాల నుంచి యువ వలంటీర్లను హైదరాబాద్ రప్పించి, క్రైస్తవ మిషన్ కుటుంబాల ఇళ్ళల్లో ఉంచే కమిటీ పెద్దలకు,

వందనాలు.

పోయిన మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు మీ ఫోన్ వచ్చింది. ఎప్పటిలాగే మావారికి. "అన్నా, జనవరి 10న ఇద్దరమ్మాయిలు దిగుతున్నారు. మీ ఇల్లే అనుకున్నాం. సిస్టర్ ఉన్నారుగా, చూసుకుంటారు" అన్నారు. మావారు "దేవుని చిత్తం" అన్నారు. ఫోన్ పెట్టేసి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి ఊరికే నిలబడ్డారు. ఆయన అలా నిలబడ్డారంటే మళ్ళీ ఎవరో వస్తున్నారని అర్థం. నేను చపాతీ పిండి కలుపుతూనే "ఎంతమంది?" అని అడిగాను. "ఎవరు?" అని అడగడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆ సిస్టర్‌ని నేనే. మీ మీటింగుల్లో చెబుదామంటే ప్రారంభ ప్రార్థనకీ ముగింపు ప్రార్థనకీ మధ్య నా వంతు ఎప్పుడూ రాలేదు. వచ్చే వేళకి టీ కప్పులు తీయాల్సి ఉంటుంది. తార్నాకలో, బోయిన్‌పల్లిలో, అల్వాల్‌లో నాలాగే అతిథులకు అన్నం పెట్టే ఆడవాళ్ళు ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ వాళ్ళూ నాతో ఇవే మాటలు అంటుంటారు. అందుకే ఇది మీకొక్కరికే కాకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నా దగ్గర ఒక పాత లెక్కల పుస్తకం ఉంది. పాల లెక్క రాసుకునేది. దాని వెనక పేజీల్లో మా ఇంట్లో ఉన్న పిల్లలు వాళ్ళ చేత్తో పేరు, ఊరు, అమ్మ ఫోన్ నంబరు రాసి వెళ్తారు. 2009లో ఇంగ్లండ్ నుంచి ఇద్దరు అబ్బాయిలతో మొదలైంది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ అంతకు ముందు ఏడాదే తెరిచారు. మల్కాజిగిరి నుంచి అక్కడికి వెళ్ళడమంటే అప్పట్లో మాకు ఊరు వెళ్ళినట్టే ఉండేది. ఇప్పటికి 41 మంది అయ్యారు. ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా, కొరియా. అందరూ 18 నుంచి 24 ఏళ్ళ లోపు పిల్లలు. ఆ 41 మందిలో నాకు కోపం తెప్పించినవాళ్ళు ముగ్గురో నలుగురో. నా కొడుకు ఒక్కడే నాకు అంతకన్నా ఎక్కువసార్లు కోపం తెప్పించాడు. కాబట్టి ఇది పిల్లల మీద ఫిర్యాదు కాదు.

ఖర్చు సంగతి ముందు చెప్పి పక్కన పెట్టేస్తాను, లేకపోతే ఉత్తరమంతా దాని గురించే అనుకుంటారు. మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ మామూలుగా నలభై రోజులు వస్తుంది. ఇద్దరు అతిథులుంటే ఇరవై రెండో ఇరవై మూడో రోజుకే బుక్ చేయాలి. స్నానానికి వేడినీళ్ళు, రోజూ క్యాన్ నీళ్ళు, మే నెలలో వస్తే రాత్రంతా కూలర్. "ప్రేమ కానుక ఇస్తారు సిస్టర్" అంటారు మీరు. కొందరు ఇస్తారు. కొందరు వెళ్ళేటప్పుడు చాక్లెట్లు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మా ఇస్తారు. మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు తెల్లరంగు కనపడదు. దాని మీద నాకు చింత లేదు. షూనేము ఊరి తల్లి ఎలీషా ప్రవక్త కోసం మేడమీద చిన్న గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపం పెట్టించింది కదా. ఆవిడ లెక్క రాసుకోలేదు. కానీ మీరు గమనించారో లేదో, ఆ గది కట్టిద్దామని అన్నది ఆవిడే. భర్తకు ఆవిడే చెప్పింది. ఆవిడ తరఫున ఇంకెవరో ఒప్పుకోలేదు.

మా ఇంట్లో మేడమీద గది లేదు. ఉన్నవి మూడు గదులు. అతిథులకు ఇచ్చేది మా అమ్మాయి గది.

దానికి ఏడేళ్ళప్పటి నుంచి ఇదే వరస. అక్కలు వస్తున్నారంటే తన బట్టలు, పుస్తకాలు ఒక ట్రంకు పెట్టెలో సర్దుకుని హాల్లోకి వస్తుంది. దివాన్ మీద పడుకుంటుంది. హాలంటే తెలుసుగా, రాత్రి పదకొండు దాకా ఎవరో ఒకరు ప్రార్థన అవసరం చెప్పుకోవడానికి వస్తారు, పొద్దున ఐదింటికి పాలవాడు బెల్లు కొడతాడు. చిన్నప్పుడు అది దానికి పండగ. అక్కల జడలు అల్లేది, వాళ్ళకు లాడ్ బజార్ గాజులు వేయించేది, తెలుగు అక్షరాలు దిద్దించేది. వాళ్ళు వెళ్ళిపోయిన రోజు అన్నం తినేది కాదు. తర్వాత నెల రోజులు ఉత్తరాలు, మెసేజ్‌లు. మూడో నెలకి ఒక్కొక్కరూ జవాబు ఇవ్వడం ఆపేస్తారు. వాళ్ళ తప్పు కాదు, కాలేజీ మొదలవుతుంది, వాళ్ళ జీవితం వాళ్ళది. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ సంగతి ఎలా చెప్పాలి? ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అది అక్కల పేర్లు అడగడం మానేసింది. భోజనం దగ్గర మర్యాదగా నవ్వి, కంచం కడుక్కుని వెళ్ళిపోయేది. నేను అదేదో పెద్దరికం అనుకున్నాను. ఒకరోజు ట్రంకు పెట్టె సర్దుతూ "అమ్మా, మన ఇంట్లో నేను కూడా గెస్ట్‌నేనా?" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఈ రోజుకీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

పదో తరగతి పరీక్షల ముందు కూడా ఒక టీమ్‌ని పంపారు. ఐదుగురు, పన్నెండు రోజులు. అది మెట్ల మీద కూర్చుని సాంఘికశాస్త్రం చదువుకుంది. మీకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది, ఆ తప్పు నాది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. జనవరి నుంచి ప్రాక్టికల్స్, ప్రీఫైనల్స్ టెన్షన్, తర్వాత అసలు పరీక్షలు. ఈసారి అది మెట్ల మీద కూర్చోదు.

ఇక పోలీసుల సంగతి, వీసాల సంగతి. ఇది మీకు చిన్న విషయంలా కనిపిస్తుంది, ఎందుకంటే సంతకం మీది కాదు.

విదేశీయులు ఎవరైనా మన ఇంట్లో బస చేస్తే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. మనమంతా ఫారం-సి అని పిలిచేది అదే. హోటలే కాదు, ఇల్లయినా సరే. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. 1946 నాటి పాత చట్టం పోయింది కానీ ఇంటివాళ్ళ బాధ్యత పోలేదు. మొదటిసారి నాకీ సంగతే తెలియదు. ఐదో రోజు ఒక కానిస్టేబుల్ వచ్చి "అమ్మా, మీ ఇంట్లో ఫారినర్స్ ఉన్నారంట" అంటే, టీ ఇచ్చి, ఉన్నారు బాబూ అని సంతోషంగా చెప్పాను. ఆ తర్వాత రెండు రోజులు మావారు స్టేషన్ చుట్టూ తిరిగారు. మీ కమిటీలో ఎవరైనా ఒక్క మాట ముందు చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు నేనే పెడతాను ఆ ఫారం. పాస్‌పోర్ట్ ఫొటో, వీసా ఫొటో, వచ్చిన తేదీ, వెళ్ళే తేదీ. ఆ సైట్ రాత్రి పదకొండు తర్వాత బాగా పనిచేస్తుంది, ఈ చిట్కా ఊరికే ఇస్తున్నాను.

అసలు భయం అది కాదు. టూరిస్ట్ వీసా మీద వచ్చిన పిల్లల చేతికి ఆదివారం మీరు మైకు ఇస్తారు. "సిస్టర్ సాక్ష్యం చెబుతారు" అంటారు, అంటే తన విశ్వాసం గురించి మాట్లాడతారని. ఆ పిల్ల నోరు తెరిస్తే పక్కన ఒకరు తెలుగులోకి మారుస్తారు, ఇంకొకరు ఫేస్‌బుక్‌లో లైవ్ పెడతారు. మన దేశ వీసా నియమం ఏమంటుందో మీకు తెలియనిది కాదు. ఏ రకం వీసా మీద వచ్చినా మందిరానికి రావచ్చు, ఆరాధనలో కూర్చోవచ్చు, ప్రసంగం వినవచ్చు. మత బోధ చేయడం, ప్రార్థన స్థలాల్లో ప్రసంగించడం, మతానికి సంబంధించిన కరపత్రాలు పంచడం కుదరదు. మిషనరీ వీసా అని వేరే ఉంది, అది అంత తేలిగ్గా దొరకదు కాబట్టే మీరు దాని ఊసెత్తరు. ఈ-టూరిస్ట్ వీసా మీద డబ్బు తీసుకోకుండా స్వచ్ఛంద సేవ చేయవచ్చు, అదీ నెల రోజులకు మించకుండా. అంటే పిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికో, హాస్టల్ గోడలకు రంగు వేయడానికో దారి ఉంది. ఉన్న దారి వదిలేసి గోడ దూకడం ఎందుకు?

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. అమెరికా అబ్బాయి, 19 ఏళ్ళు, తల వంచుకుని మాట్లాడే మంచి పిల్లవాడు. ఎవరో ఒక కట్ట కరపత్రాలు ఇచ్చి మా వీధిలోనే పంచి రమ్మన్నారు. అందులో ఏముందో అతనికి చదవడం రాదు, అంతా తెలుగు. ఆషాఢం, బోనాల ఆదివారం. ఎదురింటి పెద్దమ్మ నెత్తిన బోనం పెట్టుకుని గుడికి బయలుదేరుతోంది. అతను నవ్వుతూ వెళ్ళి ఆవిడ చేతిలో కాగితం పెట్టబోయాడు. ఆ ఇంటి కొడుకులు ఊరుకుంటారా? పదిమంది పోగయ్యారు. చివరికి గొడవ సర్దింది ఎవరనుకున్నారు? ఆ పెద్దమ్మే. "పోరగానికి తెల్వదురా, పోనీండి" అంది. మరుసటి రోజు నేను వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. ప్రతి క్రిస్మస్‌కీ కేకు తీసుకెళ్ళే ఇంటికి ఆ రోజు ఉత్త చేతులతో వెళ్ళాను. ఆ కరపత్రాలు ఇచ్చినవాళ్ళు మాత్రం ఇంతవరకూ మా వీధి మొహం చూడలేదు. ఆ వీధిలో మేము ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాం, ఇక ముందూ ఉండాలి. కుర్రాడికి రిటర్న్ టికెట్ ఉంది. మాకు లేదు.

ఫొటోల సంగతి కూడా ఇక్కడే. పిల్లల హోమ్‌కి తీసుకెళ్తారు, ఒక్కో పిల్లనూ ఒళ్ళో కూర్చోబెట్టి ఫొటో తీయిస్తారు, అది అక్కడి సంఘం తెర మీదకు వెళ్తుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. చట్టం సరే, మీ మనవరాలి ఫొటో కింద "అభాగ్యురాలు" అని రాసి పరాయి దేశంలో చూపిస్తే మీకెలా ఉంటుంది? పైగా మా అమ్మాయిని అక్కలు మరిచిపోయినట్టే ఆ పిల్లల్నీ మరిచిపోతారు. మా అమ్మాయికి కనీసం అమ్మ ఉంది.

డబ్బు గురించి ఒక్క ముక్క. టీమ్ వెళ్ళేటప్పుడు మావారి చేతిలో కవరు పెట్టి "హాస్టల్ పిల్లలకు ఖర్చుపెట్టండి" అనడం ఇకనైనా ఆపించండి. మత, సామాజిక కార్యక్రమాలకు విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఇంకో సంస్థకు మళ్ళించడం కూడా కుదరదు. ఆ కవర్లు మావారు ఎప్పుడూ తీసుకోలేదు. తీసుకోనందుకు "ఆ బ్రదర్‌కి గర్వం" అన్న మాట మాత్రం మా చెవిన పడింది.

జబ్బు చేసినప్పుడు మీరెక్కడ ఉంటారో అడగాలి. దోమలో మలేరియా క్రిమిని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. వచ్చిన ప్రతి పిల్లకూ దోమతెర కడుతూ ఈ కథ చెబుతాను, వాళ్ళు నవ్వుతారు. ఆగస్టు నెలలో కొరియా అబ్బాయి ఒకడికి జ్వరం వచ్చింది. మూడో రోజుకి ఒళ్ళంతా నొప్పులు, కళ్ళ వెనక పోటు. డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమన్నారు. ఇన్సూరెన్స్ కాగితం ఎవరి దగ్గర ఉందో మీలో ఒక్కరికీ తెలియదు. ఒకరు "ఉపవాస ప్రార్థన పెడుతున్నాం" అన్నారు. పెట్టండి, వద్దనను. కానీ నాకు ఆ రాత్రి కావలసింది పాలసీ నంబరు. నా గాజులు తాకట్టు పెట్టి మావారు డబ్బు కట్టారు. వాళ్ళమ్మ అక్కడ తెల్లవారుజామున లేచి వీడియో కాల్ చేసేది. మనకు అప్పుడు అర్ధరాత్రి. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు కొరియన్ రాదు. నేను ఫోన్ తిప్పి పిల్లవాడి మొహం చూపించేదాన్ని, సెలైన్ సీసా చూపించేదాన్ని, నేను కలిపిన ఓఆర్‌ఎస్ గ్లాసు చూపించేదాన్ని. ఆవిడ రెండు చేతులూ జోడించి తల వంచేది. ఆరు రాత్రులు అలా మాట్లాడుకున్నాం. తర్వాత ఆ అబ్బాయి తండ్రి డబ్బు పంపారు, గాజులు విడిపించాం. ఆవిడ ఇప్పటికీ ప్రతి ఆగస్టులో ఒక ఎర్ర గుండె బొమ్మ పంపుతుంది. ఇంకేమీ రాయదు.

ఇదంతా చదివి, ఈవిడకు అతిథులంటే ఇష్టం లేదని మీలో ఎవరైనా అంటారు. అలా అనేవాళ్ళు మా ఇంటికి వచ్చి ఆ పుస్తకంలో ఇరవై ఏడో పేరు చూడాలి.

జర్మనీ అమ్మాయి.  సరైన వీసాతో ఏడాది ఉండటానికి వచ్చింది. వచ్చిన మొదటి వారం ఏమీ చేయలేదు. నిజంగా ఏమీ చేయలేదు. నా పక్కన పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. మాట రాదు, పని రాదు, చూసేది. రెండో నెలకి మోండా మార్కెట్‌లో టమాటాలు బేరం చేసింది. నాలుగో నెలకి నాతో గొడవ పెట్టుకుంది, తెలుగులో. "ఆంటీ, మీరు అబ్బాయికి మాత్రమే పాలు పెద్ద గ్లాసులో ఇస్తారు" అంది. నాకు మాట రాలేదు. నిజమే, ఇచ్చేదాన్ని. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో గ్లాసులన్నీ ఒకటే సైజు. మా అమ్మాయి మళ్ళీ ఒక అక్క పేరు పెట్టి పిలవడం ఆ ఏడాదే. ఆ పిల్ల ఎవరికీ ఏమీ బోధించలేదు. బస్తీలో కుట్టుమిషన్ సెంటర్‌లో లెక్కలు రాసింది, హాస్టల్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది, ఆదివారం వెనక వరసలో చాప మీద కూర్చుని తెలుగు కీర్తనలు పాడింది. వెళ్ళిపోయే ముందు ఎదురింటి పెద్దమ్మకు కాళ్ళకు దండం పెట్టింది. పెద్దమ్మ బొట్టు పెట్టబోయి నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఇది రాస్తే మీలో ఎంతమంది మొహం చిట్లిస్తారో నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

మన మందిరాల్లో పాత మిషనరీల పేర్లు ఎప్పుడూ చెబుతారు. మెదక్‌లో పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని చూపించి, కూడు పెట్టి కట్టించిన గుడి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. 1915లో డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానమ్మ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టింది. వాళ్ళు ఇక్కడ ఏళ్ళకేళ్ళు బతికారు. పన్నెండు రోజుల టీమ్‌ని వేదిక మీద నిలబెట్టి, వాళ్ళ మెడలో దండలు వేసి, ఆ పేర్లతో కలిపి చెప్పకండి. ఆ పిల్లలకే సిగ్గుగా ఉంటుంది. ఒక అమ్మాయి రాత్రి నా దగ్గరికి వచ్చి "ఆంటీ, నేనేం చేశానని దండ?" అని అడిగింది. ఆ ప్రశ్న మీకు ఎవరూ అనువాదం చేసి చెప్పలేదు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. పెద్ద టీములు వద్దు, ఇద్దరు చాలు. నెల లోపయితే నెల లోపు పనే, అంతకు మించితే అందుకు తగిన వీసా. వాళ్ళ పాస్‌పోర్ట్, వీసా, ఇన్సూరెన్స్ కాగితాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు విమానం ఎక్కకముందే మా చేతికి రావాలి. మైకు ఇవ్వకండి, కరపత్రం ఇవ్వకండి, పిల్లల హోమ్‌లో ఫొటో తీయించకండి. రాకముందు అక్కడి సంఘంవాళ్ళు ఒక్క సంగతి చెప్పి పంపితే చాలు: మొదటి వారం చిక్కుడుకాయలకు ఈనెలు తీయాలి. పని ఏంటని అడిగితే అదే పని అని చెప్పమనండి. ఇంటికి అయ్యే ఖర్చు మీరు లెక్క కట్టి ఇవ్వండి, ప్రేమ కానుక అని పేరు మార్చకుండా. ఎవరైనా ఇల్లు ఈసారి కుదరదంటే "ప్రార్థించి చెప్పండి సిస్టర్" అని రెండోసారి ఫోన్ చేయకండి. ప్రార్థించే చెప్పాం.

జనవరి 10న వచ్చే ఆ ఇద్దరమ్మాయిలకు వేరే ఇల్లు చూడండి. తార్నాకలో ఒక ఇంటివాళ్ళను అడిగి చూశాను, ఆవిడ సరేనంది, వాళ్ళ పిల్లలు కూడా సరేనన్నారు. నంబరు మావారి దగ్గర ఉంది. ఎయిర్‌పోర్ట్‌కి కావాలంటే నేను వెళ్తాను, మొదటి రోజు పప్పు, పెరుగన్నం నేనే పంపిస్తాను. మా ఇంట్లో గది ఏప్రిల్ నుంచి ఉంటుంది. అప్పటికి అమ్మాయి పరీక్షలు అయిపోతాయి. దాన్ని అడిగాను. "ఒక్కరే అయితే సరే, గదిలో నేనూ ఉంటాను" అంది.

ఈసారి ఫోన్ మాత్రం నా నంబరుకు చేయండి. మావారికి చేస్తే ఆయన ఎలాగూ సరే అంటారు.

మీ సహోదరి,
మల్కాజిగిరి, హైదరాబాద్